ట్యాంకుకి ఊపిరి

వంటింటి పక్కన చిన్న అర, అందులో కొత్తగా పెట్టిన వేణ్ణీళ్ల ట్యాంకు. దాని ముందు ఒక తల్లి, కుడిచేతికి కట్టుతో ఫిట్టరు. ఆనుకుని ఉన్న స్నానాలగదిలో, తలుపు ఓరగా వేసి, ఆమె కూతురు పసిపిల్లకి పొయ్యి మీద కాచిన నీళ్లు పోస్తోంది.

"కట్టు తడిసిందంటే ఊరుకోను. నువ్వలా స్టూలు మీద కూర్చో నాయనా. దాన్ని ముట్టుకోకు."

"ముట్టుకోకుండా ఎలా చూస్తానమ్మగారూ?"

"కళ్లతో చూడు. చేత్తో చేసేదేమైనా ఉంటే చెప్పు, నేను చేస్తాను."

"ఈ పని మీరు చేస్తారా?"

"చెయ్యకేం. స్క్రూలు తిప్పడమేగా. డాక్టరేమన్నాడు, బొబ్బలు చితికాయన్నాడా?"

"లేదండీ. కొన్నాళ్లు నీళ్లు తగలనివ్వొద్దన్నాడు."

"నీ పనే నీళ్లతోనాయె. మరెలా? లోపల చీము పడుతోందేమో చూశాడా? మాకు తెలిసినావిడ ఒకామె పాలగిన్నె దించుతూ చేతి మీద ఒంపుకుంది. ఏం కాదులే అన్నారు అందరూ. ఇప్పటికీ ఆ చేత్తో చెంచా పట్టలేదు."

"అమ్మగారూ."

"ఏం నాయనా?"

"నన్ను భయపెట్టకండి. అసలే నిద్ర పట్టడం లేదు."

"నొప్పెడుతోందా?"

"చేతి సంగతి కాదండీ. ఈ ట్యాంకు సంగతి."

"అమ్మా, ఆయన చెయ్యి ఎలా ఉందట?"

"ఇక్కడే ఉన్నాడుగా తల్లీ, నువ్వే వచ్చి అడుగు."

"బుజ్జిది నీళ్లలో ఉంది, ఎలా వస్తాను? అలమారలో కాలినదానికి రాసే మందుంది, తీసివ్వు."

"మందు డాక్టరిచ్చాడండీ. వద్దు."

"పోనీ టీ అయినా ఇవ్వమ్మా."

"చూశారా అమ్మగారూ. తలుపు తీసినప్పట్నుంచీ గోడ అవతల నుంచే మాట్లాడుతున్నారు. మీ అమ్మాయిగారు నా మొహం చూడదలుచుకోలేదు. తప్పులేదులెండి. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఇలాంటిది పెట్టి వెళ్లాను."

"అదేం మాట? దానికి నీ మీద కోపమేం లేదు."

"కోపం లేకపోతే మా ఆఫీసుకి ఫోన్ ఎందుకు చేస్తారు? ఈ మనిషిని ఇంకెవరి గుమ్మమూ ఎక్కనివ్వకండి అన్నారట."

"అది అందా అలాగ?"

"నేను కాదమ్మా. ఆయన చేశారు."

"మీ ఆయన మొన్న ఇంట్లో లేడుగా. ఆయనకి చెప్పిందెవరు?"

"చెప్పకుండా ఎలా ఉంటాను? సాయంత్రం రాగానే, ఫిట్టరు చెయ్యి కాలిందని చెప్పాను. ట్యాంకు దానంతటదే నీళ్లు కక్కిందని చెప్పాను. ఇంకేం చెప్తాను?"

"అదేనండీ అమ్మగారూ నన్ను తినేస్తున్నది. దానంతటదే ఎందుకు కక్కింది?"

"నేను మొదటిరోజే అడిగాను నిన్ను. పాత ట్యాంకుకి నెత్తిమీద గొట్టం ఉండేది, పైకి తెరుచుకుని. దానికి ఊపిరాడేది. దీనికి ముక్కూ లేదు, నోరూ లేదు, ఇలా బిగించేశావేమిటి నాయనా అని అడిగాను. నువ్వు నవ్వావు."

"నవ్వలేదండీ. విడమరిచి చెప్పాను. ఇదిగో, ఈ ఎర్ర నాబ్ కింద ఉందే, ఇదే సేఫ్టీ వాల్వు. లోపల వేడి మితిమీరితే ఇది తెరుచుకుంటుంది. నీళ్లు ఈ గరాటులో పడి, గొట్టం వెంట పెరట్లోకి పోతాయి. కుక్కరుకి ఉన్నట్టే ఇదీను."

"కుక్కరు పేరెత్తకు. మా పక్కింట్లో కుక్కరు మూత లేచి కప్పుకి కొట్టుకుంది. కప్పు మీద గుండ్రంగా మచ్చ. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా ఆ మచ్చ పోలేదు."

"అమ్మా, మళ్లీ ఆ కథ మొదలుపెట్టకు. ఫిట్టరుగారూ, మా చిన్నప్పుడు పొయ్యి మీద కుక్కరు పెట్టిందంటే, అది దించేదాకా మమ్మల్నందర్నీ వీధిలో నిలబెట్టేదండీ. వానలో కూడా. వీధిలో వాళ్లంతా కుక్కరమ్మ పిల్లలనేవాళ్లు మమ్మల్ని."

"నిలబెట్టాను. నిలబెట్టబట్టే ఇంతవాళ్లయ్యారు."

"వింటున్నారా? ఇదీ మా ఇల్లు."

"నవ్వు నీకు. పసిదాని చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకో ముందు."

"అమ్మగారూ, మొన్న జరిగింది ఇంకోసారి చెప్పుకుందామా? నాకు ముక్క ముక్కగా గుర్తుంది. అంతా వరసగా రావట్లేదు."

"ఏముంది చెప్పుకోవడానికి? ఇది పెట్టిన కొన్నాళ్లకే గరాటులో చుక్కలు మొదలయ్యాయి. నువ్వొచ్చి చూసి ఏదో బిగించి వెళ్లావు. మళ్లీ చుక్కలు. మళ్లీ వచ్చావు. చుక్కలు కాస్తా సన్నటి దారంలా అయ్యాయి. వేణ్ణీళ్లన్నీ అటే పోతున్నాయి, అల్లుడు స్నానానికి వెళ్లేసరికి చల్లనీళ్లే మిగులుతున్నాయి. మొన్న ఇంకోసారి వచ్చావు. వాన పడుతోంది. మా అమ్మాయి బుజ్జిదానికి నీళ్లు పోద్దామని సిద్ధం చేసుకుంటోంది. నువ్వు పెరట్లోకి వెళ్లావు."

"వెళ్లి గొట్టం చివర చెయ్యి పెట్టాను, వచ్చేవి వేడివా చల్లవా చూద్దామని. మీరు..."

"నీ నెత్తిమీద గొడుగు పట్టుకున్నాను. తడిస్తే జ్వరమొస్తుందని. జ్వరం ఒకటే తప్పించాను నీకు."

"ఒక్కసారిగా ధారగా వచ్చిపడింది."

"ఆ కేక ఇంకా నా చెవిలోనే ఉంది నాయనా."

"నేను కుళాయి కింద చెయ్యి పెట్టుకుని, అక్కణ్ణుంచి అలాగే ఆస్పత్రికి పోయాను. ట్యాంకు స్విచ్ ఆపెయ్యండి అని మాత్రం చెప్పగలిగాను. ఇది తెరిచి చూడనే లేదు. అందుకే అడుగుతున్నాను. ఆ టైములో ఈ అరలోంచి ఏదైనా చప్పుడొచ్చిందా? గడగడమని గానీ, బుస్సుమని గానీ? మీరు నాతో బయట ఉన్నారు. లోపల ఉన్నది మీ అమ్మాయిగారు."

"విన్నావా తల్లీ? అప్పుడు నీకేమైనా వినపడిందా?"

"నాకేం వినపడలేదు. బుజ్జిది ఏడుస్తోంది."

"నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? ఇంట్లోనే ఉన్నాను. అమ్మా, ఆ తువ్వాలు... వద్దులే, ఇక్కడే ఉంది."

"వినపడలేదట నాయనా."

"చప్పుడు లేకుండా కక్కిందంటే మరీ భయమండీ."

"నువ్వే అలా అంటే నేనేమైపోవాలి?"

"మీ ఒక్క ఇల్లయితే ఇంత బెంగ ఉండేది కాదమ్మగారూ. ఈ రకం ట్యాంకులు నేను చాలా చోట్ల పెట్టాను. అమ్మలు పనికి పోతూ పసిపిల్లల్ని వదిలి వెళ్తారే, అలాంటి చోట కూడా ఒకటి పెట్టాను. ఆస్పత్రి నుంచి తిన్నగా అక్కడికే పోయాను, కట్టు కట్టిన చేత్తో. స్విచ్ ఆపించాను. ఇంత చలిలో చల్లనీళ్లతో కడుగుతున్నారండీ ఆ పిల్లల్ని."

"అయ్యో. జలుబు చేస్తుంది. గుండెల్లోకి దిగుతుంది."

"మిగతావాళ్లకి ఫోన్లు చేశాను. ఒకాయన నన్ను తాగి ఉన్నావా అన్నాడు. ఒకావిడ, మొన్ననేగా గుండె మీద చెయ్యేసుకుని పడుకోండమ్మా అని చెప్పి వెళ్లావు అంది. ఏం చెప్పను? కారణం చెప్పమంటున్నారు. కారణం నాకు తెలిస్తేగా."

"ఆఫీసువాళ్లు ఏమన్నారు?"

"తప్పెక్కడుందో తేల్చుకుని రమ్మన్నారు. ఇక్కణ్ణుంచి అక్కడికే వెళ్తాను. వెళ్లి కార్డు ఇచ్చేస్తాను."

"ఏం కార్డు?"

"ఈ ట్యాంకులు పెట్టడానికి పరీక్ష పెట్టి ఇస్తారండీ. అది జేబులో లేకపోతే వీటి జోలికి పోకూడదు."

"ఇచ్చెయ్యమని వాళ్లడిగారా?"

"ఇంకా అడగలేదు."

"అడక్కుండానే ఎందుకిస్తావు?"

"నా చేత్తో పెట్టిందాని మీద నాకే నమ్మకం లేనప్పుడు, ఇంకొకళ్ల ఇంట్లో ఎలా పెట్టనండీ? నిద్రలో నట్లు బిగిస్తున్నానట. మా ఆవిడ చెప్పింది. బాగున్న చేత్తో గాల్లో తిప్పుతున్నానట."

"కార్డు లేకపోతే ఏం చేస్తావు మరి?"

"మా బావమరిది సామాన్ల బండి తోలుతాడు. పక్కన కూర్చుని దింపడానికి రమ్మంటున్నాడు."

"ఈ చేత్తో బరువులా?"

"మానాకేలెండి."

"టీ తాగుతావా?"

"వద్దండీ."

"పోనీ మంచినీళ్లు."

"అమ్మగారూ, మీరేదో చెప్పబోయి మింగేస్తున్నారు."

"నేనా? నేనేం మింగాను? గొంతు ఆరిపోతోంది, అంతే. ఆ గరాటు ఇవాళ పొడిగానే ఉందే."

"ట్యాంకుకి నీళ్లొచ్చే కుళాయి కట్టేసి ఉంది కాబట్టి. తిప్పితే మళ్లీ కారుతుంది."

"ఊరికే ఒకమాట అడుగుతాను. ఆ ఎర్ర నాబ్ చేత్తో తిప్పితే ఏమవుతుంది?"

"వాల్వు తెరుచుకుంటుంది. నీళ్లు జోరుగా వస్తాయి. ఇంకాస్త తిప్పితే టక్కుమని మళ్లీ మూసుకుపోతుంది. ఏడాదికోసారి మేమే వచ్చి తిప్పి చూస్తాం, పట్టేసిందేమోనని."

"ఏడాదికోసారి."

"అంతే."

"అంతకంటే ఎక్కువ తిప్పితే?"

"ఎవరు తిప్పుతారు?"

"ఎవరో తిప్పారని కాదు. తెలుసుకుందామని."

"తిప్పినప్పుడల్లా నీళ్లలో నలుసులు ఆ వాల్వు నోట్లో ఇరుక్కుంటాయండీ. రబ్బరు కోసుకుపోతుంది. ఇక సరిగ్గా మూసుకోదు, చుక్కలు కారుతుంటాయి."

"చుక్కలు."

"అవునండీ. కానీ మీ ఇంట్లో అలా జరగడానికి లేదు. బుజ్జిపాపకి అందదు. మీ అల్లుడుగారు దీని మీద చెయ్యే వెయ్యరు. మీ అమ్మాయిగారు చూస్తే..."

"నేనెందుకు ముట్టుకుంటాను దాన్ని? నాకింకేం పనిలేదా?"

"మిమ్మల్ని అనలేదండీ. ముట్టుకోరనే అంటున్నాను."

"తల్లీ, నువ్వూరుకో. నీ పని నువ్వు చూసుకో. నాయనా, ఆ తలుపు కాస్త దగ్గరికి లాగు."

"ఎందుకండీ?"

"అది వింటే నన్ను బతకనివ్వదు. లాగావా? ఇంకొంచెం. నువ్వు కూర్చో."

"కూర్చునే ఉన్నానండీ."

"నేనే."

"ఏమిటండీ?"

"ఆ నాబ్. నేనే తిప్పుతున్నాను. రోజూ."

"రోజూనా?"

"నువ్వు పెట్టి వెళ్లిన మర్నాటి నుంచి. పొద్దున్నే, ఎవరూ లేవకముందు."

"ఎందుకమ్మగారూ?"

"ఊపిరి వదలడానికి."

"దేనికి ఊపిరి?"

"దానికే. రాత్రంతా మూతి బిగించుకుని కాగుతుంది కదా. తెల్లారగానే మా అమ్మాయి బుజ్జిదాన్ని ఆ గదిలో కూర్చోబెట్టి నీళ్లు పోస్తుంది. గోడకి ఇవతల ఇది, అవతల పసిది. మధ్యలో ఇటుక మందం. నాకు కళ్లు మూస్తే చాలు, ఆ గోడ లేదు, ఆ గది లేదు. లేచి వస్తాను. చీకట్లో గోడ పట్టుకుని వస్తాను. నాబ్ తిప్పుతాను. టక్కుమంటుంది, గరాటులో నీళ్లు పడతాయి. ఇవాళ్టికి గండం గడిచింది అనుకుని వెళ్లి పడుకుంటాను."

"నేను అడిగాను కదండీ మిమ్మల్ని. చుక్కలని మొదటిసారి పిలిచినప్పుడే అడిగాను, ఎవరైనా దీన్ని ముట్టుకున్నారా అని."

"అడిగావు. లేదన్నాను."

"రెండోసారి కూడా అడిగాను."

"అప్పుడూ లేదన్నాను. అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు నాయనా. ఎంత ముచ్చటపడి పెట్టించుకున్నాడో నీకు తెలుసుగా. వచ్చినవాళ్లందర్నీ ఈ అర తలుపు దగ్గరికి తీసుకొచ్చి చెప్పుకున్నాడు. పిల్ల పుట్టింది, సాయంగా ఉంటానని వచ్చినదాన్ని నేను. అత్తగారొచ్చి చెయ్యి పెట్టి చెడగొట్టిందంటే ఏ మొహం పెట్టుకుని ఆయనకి అన్నం వడ్డించను?"

"నేను ఆ గొట్టాలన్నీ విప్పి మళ్లీ బిగించానండీ. రెండుసార్లు."

"చూశాను. మోకాళ్ల మీద కూర్చుని నువ్వు విప్పుతుంటే వంటింట్లో నిలబడి చూశాను. చెప్పేద్దామని అడుగు ముందుకేశాను కూడా. వెనక్కి తిరిగి డబ్బా దించాను. నీకు బిస్కట్లు పెట్టి పంపించాను."

"బాగున్నాయండీ అవి."

"ఎగతాళి చెయ్యకు."

"లేదండీ."

"ఇంకోటి ఉంది. అది వింటే నన్ను క్షమించవు నువ్వు."

"చెప్పండి."

"మొన్న పొద్దున మాత్రం తిప్పలేదు. ఒట్టు. నువ్వొస్తున్నావని తెలిసి భయపడ్డాను, ధార పోసిన తడి కనిపెడతావని. ఆ ఒక్క పూట మానేశాను. ఆ పూటే అది పట్టలేక కక్కింది, నీ చేతి మీద. రోజూ తిప్పి పాడుచేసిందీ నేనే, ఆ రోజు తిప్పకుండా నీ చెయ్యి కాల్చిందీ నేనే. ఎటు తిరిగి చూసుకున్నా నేనే. అన్నం సహించడం లేదు. ఏమ్మా ఒంట్లో బాగోలేదా అని అమ్మాయి అడుగుతోంది, చలి అని చెప్తున్నాను... నవ్వుతున్నావేమిటి?"

"నవ్వట్లేదండీ."

"పళ్లు కనిపిస్తున్నాయి."

"చుక్కలకి కారణం దొరికిందని అమ్మగారూ. నా బిగింపులో తేడా లేదు. అది తలచుకుంటే ఆగట్లేదు. మా ఆవిడ ముందు ఏడ్చానండీ నేను, ఒక్క గరాటు కోసం."

"తిట్టు నాయనా. నవ్వకు, తిట్టు. ఈ ముసలిది నా బతుకు మీదికి తెచ్చిందని తిట్టు."

"తిడతానులెండి, ఆగండి. చుక్కల సంగతి తేలింది. ధార సంగతి తేలలేదు."

"చెప్పానుగా. ఊపిరి వదల్లేదు కాబట్టి..."

"ఒక రోజు తిప్పకపోతే కక్కదండీ. ఏడాది తిప్పకపోయినా కక్కదు. దానంతటది అంత జోరుగా తెరుచుకోవాలంటే లోపల నీళ్లు దాదాపు మరగాలి. మరిగాయో లేదో ఇప్పుడే తెలుస్తుంది. ఆ కింద మూత విప్పాలి. స్క్రూడ్రైవరు అందుకోండి."

"నేనా?"

"చేత్తో చేసేదేదైనా చేస్తానన్నారు."

"పేలదు కదా?"

"కరెంటు లేదు. నీళ్లు చల్లారిపోయి ఉన్నాయి. పిల్లి పడుకోవచ్చు దాని మీద."

"ఏమో. చల్లారినవి కూడా లోపల ఏం చేస్తాయో. ఎటు తిప్పాలి?"

"ఎడమకి. గట్టిగా ఆనించి తిప్పండి."

"వస్తోంది. నీ తల వెనక్కి పెట్టు. వచ్చేసింది."

"లోపల తీగల పక్కన చిన్న నల్ల బటన్ ఉంటుంది. పైకి లేచి ఉందా, అణిగి ఉందా?"

"ఏదీ... కళ్లజోడు నెత్తిమీదే ఉంది, ఆగు. నల్లది. ఉంది. అణిగి ఉంది."

"వేలితో తడిమి చూడండి."

"అణిగే ఉంది. లేస్తే ఏమిటి, లేవకపోతే ఏమిటి? నన్ను చంపకుండా చెప్పు."

"నీళ్లు మరీ కాగితే ముందు ఆ బటన్ లేచి కరెంటు తెంచేస్తుందండీ. ఆ తరవాతే వాల్వు దాకా వస్తుంది వ్యవహారం. అది లేవలేదంటే ఈ ట్యాంకు ఏనాడూ హద్దు దాటలేదు."

"అంటే?"

"అంటే ట్యాంకు బాగుంది. పెట్టింది కూడా బాగానే పెట్టాను."

"ఆ పసిపిల్లలున్న చోట?"

"అక్కడా బాగుంటుంది. ఇప్పుడే ఫోన్ చేసి..."

"చెయ్యి, చెయ్యి. పాపం వేణ్ణీళ్లు పోయమను."

"ఒక్క నిమిషం అమ్మగారూ. మరి నా చేతి మీద పడ్డదేమిటి?"

"ఏదో పడింది. పోనీలే నాయనా. నీ కార్డు నీ దగ్గరే ఉంటుందిగా."

"మరిగిన నీళ్లయితే తోలు ఊడి వచ్చేది. ఇవి మామూలుగా వాడుకునే వేణ్ణీళ్లు, తొణక్కుండా సూటిగా వచ్చి పడ్డాయి. ఇంకోటండీ. వచ్చింది వచ్చినట్టే ఆగిపోయింది. గుర్తుందా? నేను కేక వేసేలోపే ఆగిపోయింది."

"నీ కేకకి హడలిపోయి ఆగిందనుకున్నాను."

"దానంతటది తెరుచుకుంటే అలా ఆగదు. చల్లబడేదాకా పోతూనే ఉంటుంది. అలా వచ్చి అలా ఆగాలంటే..."

"ఆగాలంటే?"

"ఎవరైనా నాబ్ తిప్పాలండీ."

"నేనే."

"మీరు కాదు."

"నేనే తిప్పాను. గొడుగు నీ చేతికిచ్చి లోపలికొచ్చి తిప్పి వెళ్లాను. నొప్పిలో నీకు గుర్తులేదు."

"నా చెయ్యి పట్టుకుని కుళాయి కిందికి లాక్కెళ్లింది మీరు. గొడుగు అప్పటికీ మీ చంకలోనే ఉంది."

"అయితే అంతకుముందే తిప్పి ఉంటాను. మతిమరుపు. నిన్న ఉప్పు రెండుసార్లు వేశాను."

"మొన్న తిప్పలేదని ఇప్పుడేగా ఒట్టేశారు."

"అబద్ధపు ఒట్టు. నేను అబద్ధాలు ఎంత బాగా చెప్తానో చూశావుగా ఇన్నాళ్లూ. ఆఫీసులో నా మాటే చెప్పు. ఆ ఇంటి ముసలావిడ పిచ్చి భయంతో తిప్పిందని చెప్పు. అల్లుడికి నేను చెప్పుకుంటాను."

"అమ్మగారూ, అప్పుడు లోపల ఉన్నది..."

"లోపల ఎవరూ లేరు. బుజ్జిది తప్ప."

"బుజ్జిపాప తిప్పిందంటారా?"

"నేనేమీ అనడం లేదు. తల్లీ, నీళ్లు చల్లారిపోయి ఉంటాయి, ఎంతసేపు ఉంచుతావు పిల్లని? ఒళ్లు తుడిచి ఆ పక్క తలుపులోంచి గదిలోకి తీసుకెళ్లు. ఇటు రాకు. ఇక్కడంతా ఇనప సామాను."

"అమ్మా."

"వెళ్లమంటున్నానా."

"ఇక ఊరుకో అమ్మా. ఫిట్టరుగారూ, కార్డు ఇవ్వకండి. మీ ఆఫీసుకి నేను ఫోన్ చేస్తాను. ఇవాళ మీ చెయ్యి చూడలేకే అక్కడ కూర్చున్నాను. బుజ్జిదాని స్నానం ఎప్పుడో అయిపోయింది."

"నువ్వా తల్లీ? నన్ను కుక్కరమ్మ అని పదిమందిలో వెక్కిరిస్తావు. నీకెందుకొచ్చింది దాన్ని ముట్టుకోవడం?"

"రోజూ పొద్దున్నే పక్కమీద కళ్లు మూసుకుని, నువ్వు నాబ్ తిప్పే ఆ టక్కుమనే చప్పుడు కోసమే ఎదురుచూస్తానమ్మా. అది విన్నాకే లేచి బుజ్జిదానికి నీళ్లు పోస్తాను. మొన్న పొద్దున చప్పుడు వినపడలేదు."